కల్లు బందయిన సెప్టెంబరు

ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూడామో ఆ డాక్టరు గారికి ఉపోద్ఘాతాలు గిట్టేవి కావు. బయట రోగి కూర్చుని ఉంటే లోపల ఈ పొగడ్తలేమిటని విసుక్కునేవారు. ఆయన మాట మన్నించి నేరుగా 2015 సెప్టెంబరుకు వస్తాను.

ఆ నెలలో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు మీద దాడులు జరిగాయి. అప్పటికి కామారెడ్డి కూడా మన నిజామాబాద్ జిల్లాలోదే. కల్లు డిపోల్లో మత్తుమందు కలపడం ఆగింది. రెండు మూడు రోజులు తిరక్కుండానే ఆసుపత్రులకు జనం రావడం మొదలైంది. తాగి పడిపోయినవాళ్ళు కారు వాళ్ళు. తాగడం ఆగిపోయి వచ్చినవాళ్ళు. ఫిట్స్, వణుకు, చెమటలు, కంటిమీద కునుకు లేకపోవడం. ఆపైన గోడల మీద పురుగులు, మంచం కింద పాములు, ఎప్పుడో చనిపోయిన తమ్ముడు గుమ్మంలో నిలబడి పిలవడం. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. "గాలి సోకింది", "ఎవరో బాణామతి చేసిండ్రు" అన్నవాళ్ళూ ఉన్నారు. ఒకే వారంలో, ఇన్ని ఊళ్ళలో, కల్లు అలవాటున్న ఇళ్ళనే వెతుక్కుంటూ వెళ్ళిన ఆ దయ్యం ఏమిటని మాత్రం వాళ్ళు అడగలేదు.

ఆ దయ్యానికి పేర్లున్నాయి: క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రాజోలమ్. డిపోల దగ్గర సీహెచ్ అనీ డైజోఫామ్ అనీ అంటారు. చెట్టు నుంచి దిగే కల్లు తక్కువ, తాగే గొంతులు ఎక్కువ. నీళ్ళు పోసి పెంచిన సరుకుకు తీపి రావడానికి శాక్రిన్, మత్తు రావడానికి ఈ పొడులు. దేశానికి చక్కెర పంపిన బోధన్ చుట్టుపక్కల శాక్రిన్ కల్లు తాగాల్సి రావడం మన ప్రారబ్ధం అనుకోండి.

నేను చూసిన రోగుల్లో ఒకామె బీడీలు చుట్టి బతికే మనిషి. కల్లు ఆగిన మూడో నాడు తీసుకొచ్చారు. మంచం మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. ఒళ్ళో చాట లేదు, చేతిలో కత్తెర లేదు. అయినా ఆకు కత్తిరించింది. చిటికెడు తంబాకు తీసి పరిచింది. చుట్టింది, మొన మడిచింది, దారం తిప్పి తెంపింది. పక్కన పెట్టి ఇంకో ఆకు తీసుకుంది. మధ్యలో, అక్కడ లేని బిడ్డ వైపు తిరిగి "ఆకు ఎండింది, జర నీళ్ళు చల్లు" అంది. ఇవాళ ఏ వారమో, తానెక్కడుందో చెప్పలేకపోయింది. వేళ్ళు మాత్రం ఒక్క తప్పు చేయలేదు.

ఇది నటన కాదు, పూనకం కాదు. వేళను, చోటును, మనిషిని గుర్తుపట్టి మనసును ఒకచోట నిలిపే వ్యవస్థ చెదిరిపోయింది. ఏళ్ళ తరబడి చేసిన పని మెదడు లోపలి బేసల్ గాంగ్లియా వంటి భాగాల్లో పాతుకుని ఉండి, పట్టి ఆపేవాళ్ళు లేక తనంతట తానే నడిచింది.

పట్టి ఆపేది ఎవరు? మెదడు కణాలను ఉసిగొల్పే ముఖ్యమైన రసాయనం గ్లుటమేట్, సద్దుమణిగించేది గాబా. మెదడులో గాబా ఉందని 1950లో తెలిసింది. డైజెపామ్ వంటి మందులు మెదడులో ఎక్కడ అతుక్కుంటాయో 1977లో బయటపడింది. అవి గాబాకు బలం ఇస్తాయి. క్లోరల్ హైడ్రేట్, సారా కూడా ఎక్కువ భాగం ఆ దారిలోవే. రోజూ సాయంత్రం ఈ బలం బయటి నుంచి వస్తుంటే మెదడు సర్దుకుంటుంది: గాబాకు స్పందించడం తగ్గించి, గ్లుటమేట్ జోరు పెంచుకుంటుంది. చెరకు ట్రాక్టరు తోలేవాళ్ళకు మిగతాది చెప్పనక్కరలేదు. బ్రేకు పట్టేసిన బండిని యాక్సిలరేటర్ తొక్కి లాక్కొస్తున్నప్పుడు, ఆ బ్రేకు ఉన్నట్టుండి ఊడిపోతే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు.

ఆల్ప్రాజోలమ్‌లో సగం సుమారు 11 గంటల్లో ఒంట్లోంచి వెళ్ళిపోతుంది. డైజెపామ్‌కు రోజులు పడుతుంది. కాబట్టి డిపోలో ఏది కలిపారన్నదాన్ని బట్టి ఒకరికి మర్నాడే మొదలైతే, ఇంకొకరికి చాలా రోజుల తర్వాత మొదలవుతుంది. వైద్యం చూస్తే బంధువులు నివ్వెరపోతారు. ఏ మందు ఇంతపని చేసిందో ఆ జాతి మందునే మేము లెక్క ప్రకారం ఇచ్చి, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తాం. చాలామంది కొద్దిరోజుల్లోనే తేరుకుంటారు. పాములు పోతాయి, తమ్ముడు గుమ్మం దిగి వెళ్ళిపోతాడు.

లేనిది కనబడటమంటే మెదడు నిజంగానే చూడటం. కంటిచూపు తగ్గిన కొందరు వృద్ధులకు రంగురంగుల దృశ్యాలు కనిపిస్తుంటాయి. 1998లో లండన్ పరిశోధకులు అలాంటి వాళ్ళకు స్కానింగ్ చేసి చూస్తే, రంగు కనబడుతున్న వేళ మెదడులో రంగును గుర్తించే భాగమే పనిచేస్తోంది. "ఏం లేదక్కడ, ఊకె బుగులు పడకు" అని రోగిని గద్దించడం అందుకే వృథా.

ఇప్పటిదాకా చెప్పింది సంధి, అంటే తెలివి చెదిరే స్థితి సంగతి. తెలివి చెదరకుండా, నెలల తరబడి, చెవిలో మాటలు వినే కుర్రాడి సంగతి వేరు. స్కిజోఫ్రీనియా అనే ఆ జబ్బును ఈ కల్లు కథతో కలిపేయకూడదు. అక్కడ ఎక్కువగా వినబడే పేరు డోపమైన్ అనే మెదడు రసాయనం. ఆ కథకు మన దేశంలోనే ఒక మొదలుంది. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు సర్పగంధ వేరు ఉన్మాదానికి, రక్తపోటుకు పనిచేస్తోందని రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లో ఆ వేరు నుంచి రిసర్పిన్ తీశారు. అదే ఏడు పారిస్‌లో ఉన్మాదానికి మరో మందు, క్లోర్‌ప్రోమజైన్, వాడకంలోకి వచ్చింది. రిసర్పిన్ మెదడులో డోపమైన్‌ను ఖాళీ చేస్తుందని చూపిన స్వీడన్ శాస్త్రవేత్త అర్విద్ కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి అందింది.

డోపమైన్ చేసే పనుల్లో ఒకటి, "ఇది ముఖ్యం, ఇటు చూడు" అని గుర్తు పెట్టడం. మానసిక వైద్యుడు శితిజ్ కపూర్ 2003లో చెప్పిన వివరణ నాకు సబబుగా తోస్తుంది: ఈ గుర్తు వేళాపాళా లేకుండా పడితే మామూలు సంగతులన్నీ అర్థగర్భితంగా కనబడతాయి. ఎదురింటాయన దగ్గు, ఫ్యాక్టరీ కూత, బస్సు నంబరు, అన్నీ తన గురించే. ఎందుకిలా అని మనిషి కారణం వెతుక్కుంటాడు. దొరికిన కారణమే భ్రమగా గట్టిపడుతుంది. మందు ఆ గుర్తుల జోరు తగ్గిస్తుంది. కారణాన్ని మాత్రం చెరిపేయదు. దానికి కాలమూ మాటా కావాలి.

ఇక చెవిలో మాటలు. మనసులో మనం మాట్లాడుకునేటప్పుడు "ఈ మాట నాదే" అని మెదడు ముందుగానే వినికిడి భాగానికి కబురు పంపుతుంది. ఆ కబురు సరిగా అందకపోతే సొంత మాటే పరాయి గొంతుగా వినబడుతుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. మాటలు వినిపిస్తున్న సమయంలో మాట పుట్టించే బ్రోకా ప్రాంతం చురుగ్గా ఉన్నట్టు 1993లోనే లండన్‌లో గమనించారు.

అయితే ఆ గొంతు ఎవరిది, ఏమంటుంది అన్నది డోపమైన్ చెప్పదు. వెనకటి తరం రోగి బాణామతి అన్నచోట ఇవాళ్టి కుర్రాడు "నా ఫోను హ్యాక్ చేసిండ్రు" అంటాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కూడా ఆ 2015 డిసెంబరులోనే మూతబడింది. పని పోయిన ఇంట్లో వినిపించే గొంతు అప్పులవాడిది కావడంలో వింతేముంది? రసాయనం దారి తెరుస్తుంది, అందులోంచి వచ్చేది ఆ మనిషి బతుకు. కాబట్టే, ఏమి వినబడుతోందని అడగని డాక్టరు సగం వైద్యమే చేస్తున్నాడని నేనంటాను.

మరో మాట. "సార్, పైసలైనా సరే, మెదడు స్కానింగ్ రాయండి" అని అడిగే తల్లిదండ్రులు చాలామంది. గడ్డలు, పాత దెబ్బలు లేవని తేల్చుకోవడానికి స్కానింగ్ పనికొస్తుంది. స్కిజోఫ్రీనియాను తేల్చే స్కానింగ్ ఇంతవరకు లేదు. డోపమైన్ ఒక్కటే అన్నిటికీ సమాధానమూ కాదు. అసలు డోపమైన్ జోరు తగ్గించే మందులతో నయం కానివాళ్ళున్నారు.

2015లో డిపోల మీద దాడి చేయడం తప్పని నేననను. మందు, మంచం, డాక్టరు సిద్ధం చేసుకోకుండా ఒక్కరోజులో జిల్లా మొత్తానికి మత్తు ఆపేయడం తప్పు. కల్తీ ఇంకా పోలేదు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలు తీసింది.

ఇక్కడున్నవారికి నా విన్నపం ఇదొక్కటే. మీ ఇంట్లోనో వాడకట్టులోనో రోజూ కల్లు తాగే మనిషి ఉన్నట్టుండి మానేసి, వణుకుతూ, నిద్రలేక, లేనివి చూస్తుంటే, భూతవైద్యుడి దగ్గరికి కాదు, ఆ పూటే ఆసుపత్రికి తీసుకురండి. తాగే సంగతి డాక్టరు దగ్గర దాచకండి. మాటలు వినబడుతున్నాయని చెప్పే పిల్లలను కొట్టకండి, కట్టేయకండి. ఎటు వెళ్ళాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416. డబ్బు కట్టనక్కరలేదు, రాత్రి పగలు పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంటికి వెళ్ళేలోపు ఆ నంబరు ఫోనులో రాసిపెట్టుకోండి.