ఆటల చిత్రములకు తగిన గాదె



నేటి పిల్లలు కంప్యూటరులో ఆటలాడుటతో తృప్తినొందక, ఆ యాటను చలనచిత్రముగా పట్టి భద్రపఱచుచున్నారు. అందులకై వేరొక డిస్కు కావలెనని యింటి పెద్దలను ధనమడుగుచున్నారు. నా మనుమడును అట్లే యడిగెను. అంగడిలో చెప్పిన వెల విని, బడిపంతులను గనుక, ముందుగా లెక్క వేసి చూచితిని. ఆ లెక్కనే మీకు విన్నవించుచున్నాను.

ధాన్యమునకు గాదె యెట్టిదో, కంప్యూటరునకు డిస్కు అట్టిది. ఎంత పట్టును, ఎంత త్వరగా పోయవచ్చును అను రెండు సంగతులే విచారింపవలెను.

మొదటిది వేగము. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల యెత్తు గల బొమ్మలను సెకనునకు 60 చొప్పున, చుక్కకు 3 బైట్ల వంతున, కుదింపక వ్రాసినచో సెకనునకు 373 మెగాబైట్లగును. కాని కంప్యూటరు సామాన్యముగా బొమ్మలను కుదించియే వ్రాయును. సెకనునకు 50 మెగాబిట్లతో చక్కని చిత్రము వచ్చును. 8 బిట్లొక బైటు గనుక, అది 6 మెగాబైట్లకు కొంచెమెక్కువ.

తిరుగుడు పళ్లెములు గల మంచి హార్డు డిస్కు వరుసగా వ్రాయునపుడు సెకనునకు 100 మెగాబైట్లకు పైగా వ్రాయగలదు. కదలు భాగములు లేని ఎస్.ఎస్.డి. సాటా తీగెపై 500 వరకును, ఎన్.వి.ఎం.ఇ. రకము వేల మెగాబైట్లును వ్రాయును. 6 కావలసినచోట వేలకు వెల యిచ్చుట యెందులకు?

అయినను ఒక చిక్కు కలదు. ఆటయు చిత్రమును ఒకే హార్డు డిస్కుపై నున్నచో, దాని వ్రాతగంటము అటునిటు పరుగిడి వెనుకబడును. చిత్రము నడుమ తెగును. కావున ఆటకు ఎస్.ఎస్.డి.యు, చిత్రములకు వేరు హార్డు డిస్కును ఉండుట మేలు. హార్డు డిస్కులలో ఎస్.ఎం.ఆర్. అను రకమును విడువవలెను. అందు వ్రాతవరుసలు ఇంటికప్పు పెంకులవలె ఒకదానిపై నొకటి యెక్కియుండుటచే, చెరిపి మరల వ్రాయునపుడు మిక్కిలి మందగించును.

ఎస్.ఎస్.డి. వ్రాసినకొలది అరుగునని కొందఱు భయపెట్టుదురు. మాట నిజమే. కాని 600 టెరాబైట్ల వ్రాతకు హామీ గల దానిపై దినమునకు 2 గంటల చిత్రము, అనగా 45 గిగాబైట్లు, వ్రాసినను ఆ హామీ తీరుటకు 36 ఏండ్లు పట్టును.

రెండవది చోటు. అసలు కొఱత యిక్కడనే. గంటకు 22½ గిగాబైట్ల చొప్పున 1 టెరాబైటు 44 గంటలకే నిండును. దినమునకు 2 గంటలైన 22 దినములు. కావున సొమ్ము వేగమునకు గాక చోటునకు వెచ్చింపుడు. నేను 4 టెరాబైట్ల హార్డు డిస్కునకు సొమ్మిచ్చి, తాలు చెరిగి గింజ నిలుపుకొమ్మని మనుమనికి చెప్పితిని.

తుదిమాట యొకటి. ఏ డిస్కైనను చెప్పకయే చెడవచ్చును. విత్తనము నొకే గాదెలో నుంచు రైతు లేడు. అధిక మూల్యము గల డిస్కు ఒకటి కొనుటకంటె, మితమైన వెల గలవి రెండు కొని, ముఖ్యమైన చిత్రములకు ప్రతులుంచుకొనుట వివేకము. పిల్లలు సొమ్మడిగినపుడు కాదనకుడు, వెంటనే ఔననకుడు. గంటకెంత, దినమునకెన్ని గంటలని అడిగి, వారిచేతనే లెక్క వేయింపుడు.