ఇష్టమైన పుస్తకమే మొదటి మెట్టు

ఖరగ్‌పూర్ పక్కనున్న పారిశ్రామిక పార్కుకు విద్యాసాగర్ పేరు పెట్టారు. బెంగాలీ పిల్లలకు 1855లో ‘వర్ణ పరిచయ్’ అనే వాచకం రాసిచ్చిన ఈశ్వరచంద్రుడే ఆయన. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఈ ఊళ్లో మన తెలుగు కుటుంబాలున్నాయి. బెంగాలీ పిల్లలకు ఆయన వాచకం దొరికింది; మరి ఇక్కడి మన యువత తెలుగులో ఏం చదవాలన్నది నాకు ముఖ్యమైన సంగతి.

నా జవాబు ఒక్కటే. మనసు లాగిందే చదవనివ్వండి.

1980ల్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే, జనం తర్వాతి సంచిక కోసం ఎదురుచూశారు. చేతబడి కథలేమిటని విమర్శకులు మండిపడ్డారు. క్షుద్ర సాహిత్యమన్నారు. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. అయినా అద్దె పుస్తకాల షాపుల్లో అంతకుముందు యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’, ఆ పక్కనే మధుబాబు ‘షాడో’ నవలలు చేతులు మారుతూనే ఉండేవి. పేజీ తిప్పే అలవాటు చాలామందికి అక్కడే అబ్బింది. అలా మొదలైనవాళ్లు తర్వాత చలాన్నీ, బుచ్చిబాబునూ వెతుక్కున్నారు. అందరూ కాదు, కొందరు. నా దృష్టిలో ఆ కొందరు చాలు.

ఆ ఎదురుచూపు ఆ రోజులతోనే పోలేదు. 2007లో హ్యారీ పోటర్ చివరి పుస్తకానికి ప్రపంచమంతా జనం దుకాణాల ముందు బారులు తీరారు. ఈమధ్య రవి మంత్రి ‘అమ్మ డైరీలో కొన్ని పేజీలు’ తెలుగు కుర్రకారు చేతుల్లో కనిపిస్తోంది. తెలుగు మాట్లాడుతూ లిపి రాని ఖరగ్‌పూర్ పిల్లలుంటే, ఇంట్లో ఎవరైనా వాళ్లకు నచ్చే పుస్తకం నుంచి రోజుకో అధ్యాయం పైకి చదివి వినిపించండి. ఉత్కంఠ దగ్గర ఆపేయండి. మిగతాది చదువుకోవడానికి అక్షరాలు వాళ్లే అడుగుతారు.