నిలువనీడ లేనివారి నడుమ నర్సు విద్యార్థిని

నర్సు విద్య అనగానే మన మనస్సులో ఒక చిత్రం మెదులుతుంది. వరుసగా తెల్లని దుప్పట్లు పరచిన మంచాలు, ప్రతి మంచానికీ ఒక చీటీ, వేళ తప్పకుండా మందులు. కాని మంచమే లేని రోగికి సేవ చేయడం ఎట్లా? ఆ పాఠం ఆసుపత్రిలో దొరకదు. రాత్రిపూట తల దాచుకొనడానికి నిరాశ్రయులు వచ్చే బసలో దొరుకుతుంది. అమెరికాలో సమాజారోగ్య శిక్షణలో భాగంగా నర్సింగు విద్యార్థులను కొన్ని వారాలపాటు ఇట్టి బసలకు పంపే కళాశాలలు చాలా ఉన్నవి.

ఈ సేవకు ఒక చరిత్ర ఉన్నది. బోస్టన్ నగరంలో 1969లో పైన్ స్ట్రీట్ ఇన్ అనే బస వెలసినది. తాగుడుకు లోబడి వీధిపాలైన పురుషులకు అది మొదట ఆశ్రయమిచ్చినది. 1972లో అక్కడ నర్సులే నడుపుకొనే చిన్న చికిత్సాలయం ఒకటి ఆరంభమైనది. 1985లో జేమ్స్ ఓకానెల్ అనే యువవైద్యుడు, పెద్ద ఆసుపత్రిలో శిక్షణ ముగించుకొని, నిరాశ్రయుల వైద్యపథకంలో ఒక్క సంవత్సరం పనిచేసి పోదామని వచ్చినాడు. బార్బరా మెకిన్నిస్ అనే నర్సు అతని స్టెతస్కోపు పక్కన పెట్టించినది. ముందు వచ్చినవారి కాళ్లు నీళ్లలో నానబెట్టి కడగమన్నది. వారాల తరబడి అతడు చేసిన వైద్యం అదే! చాలాకాలంగా వైద్యులను దరికి రానీయని ఒక వృద్ధుడు, కొన్నాళ్లు కాళ్లు కడిగించుకొన్న తరువాత, నీవు డాక్టరువు గదా, ఈ పనేమిటి అని తానే మాట కలిపినాడట. సంవత్సరం కోసం వచ్చిన ఓకానెల్ దశాబ్దాలపాటు అక్కడనే ఉండిపోయినాడు.

కాళ్లకు నీళ్లివ్వడం మనకు కొత్త కాదు. ఇంటికి వచ్చిన అతిథికి మొదటి మర్యాద అదే. పెండ్లిపీటల మీద అల్లుని కాళ్లు కడిగే మామగారిని మనమందరం చూచినవారమే. కాళ్లు కడిగేవారు కింద కూర్చుంటారు, కడిగించుకొనేవారు పైన కూర్చుంటారు. ఆసుపత్రిలో మంచం మీది రోగి తల ఎత్తి వైద్యుని చూడవలసి ఉండగా, ఇక్కడ ఆ ఎత్తుపల్లాలు తారుమారవుతవి. ఇది మర్యాద మాత్రమే కాదు, వైద్యం కూడా. రోజుల తరబడి తడిసిన మేజోళ్లతో తిరిగేవాని పాదం గడ్డకట్టే చలి లేకపోయినా దెబ్బతింటుంది. మధుమేహం ముదిరి స్పర్శ పోయిన పాదానికి నీటి వేడి తెలియదు గనుక ఆ వేడిని విద్యార్థిని ముందుగా పరీక్షించాలి. వేళ్ల సందులలోని పుండు వాని కంటె ముందు ఆమె కంట పడుతుంది.

చలికి గడ్డకట్టిన వేళ్ల విషయం మరింత చిక్కు. వాటిని రుద్దరాదు. సుమారు 37 నుండి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచి వెచ్చబరచాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. అయితే ఒకసారి కరిగిన వేలు తిరిగి గడ్డకట్టిన యెడల నష్టం మునుపటికంటె ఎక్కువ. కనుక నీళ్లు కాచుటకు ముందే, ఈ మనిషి ఈ రాత్రి ఎక్కడ పడుకొంటాడు అని అడగవలసి ఉంటుంది. చికిత్స ఆ జవాబు మీద ఆధారపడి ఉన్నది.

తక్కిన మందుల సంగతీ ఇంతే. ఒంటి నీరు తీసే మాత్ర ఇస్తాము, అది వేసుకొన్నవానికి మాటిమాటికి మరుగుదొడ్డి కావాలి. వీధిలో ఉన్నవానికి అది ఎక్కడ? భోజనానంతరం మూడు పూటలా అని చీటీ మీద వ్రాస్తాము. మూడు పూటలా భోజనం ఉన్నదని ఎవరు చెప్పినారు? కాలు ఎత్తుగా పెట్టుకొని వారం రోజులు విశ్రాంతి తీసుకోవాలి అనే సలహా ఇంకా విడ్డూరం. అట్టి బసలు చాలావాటిలో తెల్లవారగానే మంచం ఖాళీ చేయవలసి ఉంటుంది. ఇట్టి రోగి మందు వేసుకోకపోతే మాట వినని మనిషి అని పుస్తకంలో వ్రాసి ఊరుకోవడం సులభం. విద్యార్థిని నెల రోజులు ఇక్కడ ఉంటే ఆ మాట వ్రాయడానికి ఆమె కలం ఆడదు.

ఆసుపత్రిలో ఉంచేంత జబ్బు కాదు, వీధిలో తగ్గేంత చిన్న జబ్బూ కాదు. ఆ రెండింటి నడుమ ఉన్నవారి కోసం బోస్టనులో ఒక విశ్రాంతి గృహం నెలకొల్పినారు. 2003లో గతించిన ఆ మెకిన్నిస్ పేరే దానికి ఉన్నది. అందులో 104 పడకలు. దాని నేటి భవనం ఒకప్పుడు నగరపు శవాగారమట.

మన సంగతి చూడబోతే, 2011 జనాభా లెక్కలలో ఇల్లు లేనివారు దేశంలో 17 లక్షల పైచిలుకు. పెద్ద నగరాలలో లక్ష జనాభాకు ఒక బస చొప్పున ఉండవలెనని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించినది. మన నర్సింగు విద్యార్థినులు గ్రామాలకు, పట్టణాల పేటలకు శిక్షణకై వెళుతూనే ఉన్నారు. ఇంటింటికీ వెళ్లే ఆ శిక్షణలో ఇల్లే లేనివాడు లెక్కలోనికి రాడు. ఆ నెలలలో రెండు వారాలు రాత్రి బసకు కేటాయించిన బాగుండునని నా అభిప్రాయం.

ఆడపిల్లను అట్టి చోటికి పంపడమా అని తల్లులు అడుగుతారు. ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఇద్దరిద్దరుగా వెళ్లడం, ఉపాధ్యాయిని వెంట ఉండడం, ద్వారానికి దగ్గరగా కూర్చోవడం, ఎవరితోనూ ఒంటరిగా గదిలో ఉండకపోవడం, ఇవి నియమాలుగా ఉండవలసినవి. ఇవి లేని చోటికి పంపవద్దనే నేనూ అంటాను.

మరొక నియమమూ ఉన్నది, అది రోగి పక్షాన. విద్యార్థిని రెండు వారాలకో, నెలకో వెళ్లిపోతుంది. వచ్చినవారు వచ్చినట్లే వెళ్లిపోవడం నిరాశ్రయుడు చిన్ననాటి నుండి చూస్తున్నదే కావచ్చు. కనుక తాను ఏ తేదీన వెళ్లిపోతుందో ఆమె మొదటి రోజుననే, నీళ్ల తొట్టి ముందు కూర్చొన్నప్పుడే చెప్పాలి. ఆ తరువాత ఆ పని ఎవరు చేస్తారో వారిని చివరి వారంలో వెంటబెట్టుకొని వచ్చి, పేరు పెట్టి పరిచయం చేయాలి.