మొటిమల మచ్చలకు సకాలంలో వైద్యం
(తార్నాకలో జరిగిన మన సంఘం దాతల సమావేశంలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సంచికలో మన స్కాలర్‌షిప్ విద్యార్థుల ఫోటోలు వేస్తున్నాం. ఈసారి వాటిని సేకరించడానికి మేము ఉస్మానియా యూనివర్సిటీ హాస్టళ్లకు, తార్నాక చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లాం. ఎమ్మెస్సీ చదివే ఒక అమ్మాయి, "ఆపా, పేరు వేయండి. ఫోటో మాత్రం వద్దు" అంది. పర్దా పాటింపు కాబోలు అనుకున్నాం. కారణం అది కాదు. రెండు బుగ్గల మీదా మొటిమలు మానిన గుంటలు. క్యాంపస్‌లో ఉద్యోగ ఇంటర్వ్యూకు కూడా ఆ ముఖంతో వెళ్లలేక మానేసిందట. ఫీజు మనం కట్టాం, మార్కులు ఆమె తెచ్చుకుంది. తీరా ఉద్యోగం దాకా వచ్చి ఆగిపోయింది.

హాస్టల్‌లో మరో కుర్రాడు కనిపించాడు. మొటిమలకని స్నేహితుడు ఇచ్చిన ట్యూబు నెలల తరబడి రాశాడు. మొదట ముఖం తేటగా అయింది. ఆపగానే ఎర్రబడి, మొటిమలు రెట్టింపయ్యాయి. ట్యూబు మీద చదివితే తెలిసింది, అందులో స్టెరాయిడ్ ఉంది. అలాంటివి చర్మాన్ని పలచబరుస్తాయి, ముఖం మీద రోమాలు పెంచుతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అవి చేతులు మారుతూనే ఉన్నాయి.

మేము డాక్టర్లం కాము, బడిపంతుళ్లం. చర్మ వైద్యులను అడిగి తెలుసుకున్నది నాలుగు మాటల్లో చెబుతాం.

మొదటిది, నల్లటి మరక వేరు, గుంట వేరు. మొటిమ తగ్గాక చదునుగా ఉండే నల్ల, ఎర్ర మరకలు చాలావరకు కొన్ని నెలల్లో వాటంతటవే తగ్గుతాయి. ఎండ తగలకుండా చూసుకుని, డాక్టరు రాసిన పూతమందు వాడితే ఇంకా త్వరగా తగ్గుతాయి. గుంట అలా కాదు. లోపలి చర్మమే దెబ్బతింది కాబట్టి ఏ క్రీమూ దాన్ని పూడ్చలేదు. అలా పూడుస్తామనే ప్రకటనలకు డబ్బు పోయకండి.

రెండోది, గుంటను బట్టి వైద్యం. సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉన్నవాటిలో ఘాటైన ఆమ్లాన్ని సన్నటి పుల్లతో చుక్కంత అద్దుతారు. లేదా ఆ గుంటను చిన్న శస్త్రచికిత్సతో తీసేస్తారు. అలల్లా ఉన్నవాటిని లోపలి పోగులు కిందికి లాగుతుంటాయి. సూదితో ఆ పోగులను తెంపుతారు. వెడల్పుగా, తక్కువ లోతుగా ఉన్నవాటికి సన్నని సూదులతో చేసే మైక్రోనీడ్లింగ్, లేజర్ ఉన్నాయి. తరచుగా రెండు మూడు పద్ధతులు కలపాల్సి వస్తుంది. ఒక్క విడతతో అయిపోదు. నెలకోసారి చొప్పున పలుమార్లు వెళ్లాలి. ఫలితం నెలల మీద కనిపిస్తుంది. మచ్చ తగ్గుతుంది కానీ పూర్తిగా చెరిగిపోదు. మన చామనఛాయ చర్మానికి లేజర్ ఎక్కువైతే కొత్తగా నల్లబడే ప్రమాదం ఉంది. అందుకే ఈ పని బ్యూటీ పార్లర్‌లో చేయించుకోకూడదు. దవడ మీద, ఛాతీ మీద ఉబ్బెత్తుగా పెరిగే మచ్చల దారి వేరు. వాటిలోకి డాక్టరు ఇంజెక్షన్ ఇస్తారు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. మొటిమలు వస్తూ ఉండగానే వైద్యం మొదలుపెట్టాలి. ఎర్రగా, నొప్పిగా, గడ్డల్లా వచ్చేవే ఎక్కువగా గుంటలు మిగులుస్తాయి. "వయసులో అందరికీ వస్తాయిలే" అంటూ ఏళ్లు గడిపేస్తాం. గిల్లడం, నిమ్మరసం, టూత్‌పేస్టు పూయడం దాన్ని ఇంకా చెడగొడతాయి. సరైన మందుకు కూడా రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. తీవ్రమైన మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ మాత్ర గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది. డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఎవరూ దాన్ని వాడకూడదు. పెళ్లయిన ఆడపిల్లలు మరీ జాగ్రత్తగా ఉండాలి. మొటిమలతో పాటు నెలసరి తప్పుతున్నా, గడ్డం దగ్గర వెంట్రుకలు వస్తున్నా తల్లులు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

నాలుగోది, ఎక్కడికి వెళ్లాలి? ప్రైవేటులో మచ్చల వైద్యానికి విడతకు వేలల్లో అవుతుంది. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో చర్మ వ్యాధుల విభాగాలున్నాయి. తార్నాకలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో మారితే గాంధీ హాస్పిటల్ స్టేషన్‌లోనే దిగవచ్చు. మొటిమల దశలోనే వెళితే పూతమందుల ఖర్చుతో బయటపడే పిల్లలు ఎందరో. ఆలస్యమైతే అదే పిల్లలకు లేజర్ దాకా వెళుతుంది.

దాతలకు మా మనవి రెండే. స్కాలర్‌షిప్ నిధిలో కొంత ఇలాంటి వైద్యానికి, మందులకు, రానుపోను ఛార్జీలకు కేటాయించండి. ఇది సోకు ఖర్చని కొందరు పెద్దలు మాతో అన్నారు. చదివించిన పిల్ల ఇంటర్వ్యూ గది దాకా వెళ్లలేకపోతే మనం కట్టిన ఫీజు కూడా వృథాయే కదా అని మా జవాబు. రెండోది, ఇకపై పిల్లలను అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే ఫోటో వేద్దాం. సాయం అందుకున్నంత మాత్రాన ముఖం చూపించి తీరాలని మనం అనకూడదు.

ఆ అమ్మాయి ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రికి వెళుతోంది. మచ్చలు పూర్తిగా పోవని డాక్టరు ముందే చెప్పారట. "కొంచెం తగ్గినా చాలు ఆపా, ఈసారి ఇంటర్వ్యూకు వెళతాను" అంది. ఈ సంచికలో ఆమె పేరు ఉంది, ఫోటో లేదు. వచ్చే ఏడు వేయాలో వద్దో ఆమే చెబుతుంది.