ఏ కెమెరా కొనాలి?

ముంబయిలో మీకు చుట్టాలుంటే దాదర్ పేరు వినే ఉంటారు. ఆంధ్ర మహాసభ కార్యక్రమాలకని కామాఠీపురా నుంచి, వర్లీ చాళ్ల నుంచి మనవాళ్లు వచ్చేది అక్కడికే. ఆ చాళ్లలో పెరిగిన కుర్రవాడు పెళ్లిఫొటోలు తీసి బతుకుదామనుకుంటే, అమ్మ గాజులు తాకట్టు పెట్టేలోగా ఒక ప్రశ్న తేలాలి. కానన్ కొనాలా, నికాన్ కొనాలా, సోనీ కొనాలా? స్నేహితులు దీనిమీద పోట్లాడుకుంటారు కూడా.

దాదర్ తూర్పున దాదాసాహెబ్ ఫాల్కే పేరిట ఒక రోడ్డుంది. ఆయనకూ ఈ చిక్కే వచ్చింది. 1912లో బీమా పాలసీలు కుదువపెట్టి లండన్ వెళ్లి, విలియమ్సన్ కెమెరా కొన్నారు. ఉత్త కెమెరా తెచ్చుకుని ఉంటే అటకమీద పెట్టుకోవలసిందే. అంచున రంధ్రాలు లేకపోతే ఫిల్ము కెమెరాలో కదలదు. ఆయన తెప్పించిన కోడక్ ముడి ఫిల్ముకు రంధ్రాలు లేవు. అందుకని రంధ్రాలు వేసే యంత్రం, ప్రింట్లు తీసే యంత్రం కూడా సమకూర్చుకున్నారు. చీకట్లో కూర్చుని ఆ రంధ్రాలు వేసింది ఆయన భార్య సరస్వతీబాయి. దాదర్ ఇంట్లో అలా తయారైన 'రాజా హరిశ్చంద్ర' 1913 మే 3న విడుదలైంది. రోడ్డుకు మాత్రం ఆమె పేరు లేదు, అది వేరే మాట.

అంటే ఆయన కొన్నది ఒక కెమెరాను కాదు, ఒక సరంజామాను. నేడు ఆ సరంజామాకు కీలకం మౌంటు, అంటే లెన్సును కెమెరాకు బిగించే లోహపు వలయం. ఈ మూడింటిలో ఒక కంపెనీ లెన్సు మరో కంపెనీ కెమెరాకు నేరుగా పట్టదు. నికాన్ 1959లో తెచ్చిన మౌంటును దశాబ్దాలు నిలుపుకుంది. కానన్ 1987లో పాతదాన్ని వదిలేసి కొత్తది పెట్టింది. పాత లెన్సులవాళ్లు నొచ్చుకున్నారు గాని, లెన్సులోనే మోటారు పెట్టి ఫోకస్ చేయించడానికి అది సరైన పనే అంటాను. కోనికా మినోల్టా 2006లో కెమెరాలు మానేసినా, సోనీ ఆ మౌంటును అందుకోవడంతో లెన్సులు కొన్నవాళ్లు వీధిన పడలేదు. 2018లో నికాన్, కానన్ రెండూ అద్దంలేని కెమెరాలకు మళ్లీ కొత్త మౌంట్లు తెచ్చాయి. పాత లెన్సును అడాప్టరుతో తగిలించవచ్చు. అయితే మోటారు లేని నికాన్ లెన్సు ఆ కంపెనీ అడాప్టరు మీద తనంతట ఫోకస్ కాదు. చేత్తో తిప్పుకోవాలి. తాళి కట్టేటప్పుడు అంత తీరిక ఎక్కడిది?

ఒకే కంపెనీని ఇరవై ఏళ్లుగా పట్టుకున్న ఫొటోగ్రాఫరుది భక్తి అనుకోకండి. సంచిలో ఉన్న నాలుగు లెన్సులు ఆయన్ని కదలనివ్వవు. మీ కుర్రవాడికి ఆ సంచి లేదు కదా, వాడికి స్వేచ్ఛ ఉంది. వాడు మొదట ఎవరి దగ్గర పని నేర్చుకుంటాడో చూడండి. ఆయనది నికాన్ అయితే వీడిదీ నికాన్ కావడం మేలు. పెళ్లిలో బ్యాటరీ అయిపోయినా, లెన్సు మొరాయించినా చేబదులు దొరుకుతుంది. ఊరికి తిరిగొచ్చి స్టూడియో పెట్టే ఆలోచన ఉంటే, షోలాపూర్‌లోనో చంద్రపూర్‌లోనో దేన్ని బాగుచేసేవాళ్లున్నారో ముందే కనుక్కోండి.

గాజులు తీసేముందు రెండు పెళ్లిళ్లకు కెమెరా అద్దెకు తెచ్చి తీయమనండి. కొనేటప్పుడు బాడీ పాతదైనా ఫరవాలేదు. డబ్బు లెన్సు మీద పెట్టాలి. 1.8 అపర్చరుండే 50 మిల్లీమీటర్ల లెన్సు సాధారణంగా చవకే, మండపంలో వెలుతురు తక్కువైనా పనిచేస్తుంది. పాత బాడీకి ఫోర్టు దగ్గర బోరా బజారుకు వెళితే, షట్టరు ఎన్నిసార్లు పడిందో అడిగి, తన లెన్సు బిగించి, పది ఫొటోలు తీసి చూసుకున్నాకే డబ్బు లెక్కపెట్టమనండి.