బతుకుదెరువు మార్చుకునే వేళ

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "ఉపాధి మార్పు - మనోధైర్యం" అనే విషయం మీద మాట్లాడమన్నారు. నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. వ్యాపారం చేసి ఎరుగను. అయినా ఒప్పుకున్నాను, ఎందుకంటే ఈ మధ్య మన సంఘం గడప తొక్కుతున్నవారిలో రోగులు, అనాథలే కాదు, చేతిలో పని ఉండి, ఆ పనికి గిరాకీ పోయినవారు కూడా కనిపిస్తున్నారు. ఫోమ్ పరుపులు వచ్చినాక దూది ఏకించుకునేవారు తగ్గిపోయిన దూదేకుల సోదరులున్నారు. సౌదీ నుంచి తిరిగివచ్చినవారున్నారు. అక్కడ 2011లో నితాఖాత్ పద్ధతి వచ్చింది. 2017 జూలై నుంచి వెంట ఉన్న కుటుంబ సభ్యులకు మనిషికి నెలకు 100 రియాళ్ల చొప్పున రుసుము పెట్టి, 2020 నాటికి దాన్ని 400 చేశారు. అప్పుడు ముందు భార్యాపిల్లలను పంపి, తర్వాత తామూ వచ్చేసినవారు మన గల్లీల్లోనే ఉన్నారు. ఇటువంటివారు సహాయం అడగడానికి సిగ్గుపడతారు. గుమ్మం దాకా వచ్చి, "ఊరికే వచ్చిన సార్" అని మళ్లిపోతారు.

నేను చూసిన సంగతే చెబుతాను. మా అబ్బాజాన్ కళాయి పని చేసేవారు. తిత్తి, తగరపు కడ్డీ, నవసాగరం పొట్లం సైకిలు వెనుక కట్టుకుని చిన్నకోడూరు, నంగునూరు వైపు ఊళ్లు తిరిగేవారు. "కళాయి సాయిబు వచ్చిండు" అని వాడకట్టు ఆడవాళ్లంతా ఇత్తడి గిన్నెలు పట్టుకొచ్చేవారు. గుంత తవ్వి బొగ్గు రాజేసి, గిన్నె కాగినాక నవసాగరం చల్లి, తగరం తాకించి పాత దూదితో ఒక్క తుడుపు తుడిస్తే గిన్నె లోపల వెండిలా తళతళలాడేది. చిన్నప్పుడు నాకది ఇంద్రజాలం.

తర్వాత స్టీలు గిన్నెలు వచ్చాయి. ఆడవాళ్లు ఇత్తడి బిందెలు తూకానికి వేసి స్టీలు సామాను తెచ్చుకున్నారు. పని ఒక్కనాడు ఆగిపోతే మనిషికి తెలుస్తుంది. అది అట్లా ఆగలేదు. పది ఊళ్లు తిరిగే చోట పదిహేను తిరగాల్సి వచ్చింది, తర్వాత ఇరవై. రెండేళ్లు ఆయన ఎక్కువ తొక్కి తక్కువ తెచ్చారు. పెళ్లిళ్ల కాలంలో నాలుగు గిన్నెలు ఎక్కువ వస్తే, "చూసినవా, మళ్లీ షురూ అయింది" అనేవారు. పోతున్న పని అప్పుడప్పుడు అట్లా ఆశపెడుతుంది. నా లెక్కన ఆ రెండేళ్లలో మాకు జరిగిన నష్టం స్టీలు వల్ల కన్నా ఆ ఆశ వల్లనే ఎక్కువ.

ఆ రెండేళ్లు ఇల్లు నడిపింది మా అమ్మీ. తునికాకు తెచ్చి, నానబెట్టి, కత్తిరించి, రాత్రి దీపం దగ్గర బీడీలు చుట్టేది. ఈ మాట సభలో చెప్పడం అబ్బాజాన్‌కు ఇష్టం ఉండేది కాదు. కాని చెప్పకపోతే అబద్ధమవుతుంది. మన ఇళ్లలో మగవాడు పని మార్చినట్టు పేరు. ఆ మార్పును మోసేది మాత్రం బీడీల చేట.

చివరకు ఒకనాడు ఆయన హైదరాబాదు రోడ్డు మీద ఒక లారీ రేడియేటర్ విప్పి అతుకు పెడుతుంటే నిలబడి చూశారు. అప్పటి లారీల రేడియేటర్లు ఇత్తడి, రాగివి. అక్కడా అదే తగరం, అదే వేడి, లోహం శుభ్రం చేయడానికి అదే నవసాగరం. ఇంటికి వచ్చి అమ్మీతో, "అది నా పనే. గిన్నె మారింది, అంతే" అన్నారు. అయితే ఆ షాపు ఉస్తాదుకు ఇరవై అయిదేళ్లుంటాయి. నలభై దాటిన మనిషి అతని దగ్గర చోటా పనివాడిగా చేరాలి. ఆ పిల్లవాడు ఆయనను "చాచా" అనే పిలిచేవాడు. అతుకు కారితే మాత్రం నలుగురిలో కసిరేవాడు. మూడో నెలలో అబ్బాజాన్ అలిగి, తిత్తి కట్టుకుని పది రోజులు ఊళ్లు తిరిగి వచ్చారు. తెచ్చిన పైసలు అమ్మీ ముందు పోశారు. అమ్మీ ఏమీ అనలేదు. లెక్కపెట్టి, పక్కన ఆ పది రోజుల బీడీల కూలి పెట్టింది. మర్నాడు ఫజర్ నమాజు కాగానే ఆయన మళ్లీ షాపుకు వెళ్లారు.

ఇక్కడ అబూ దావూద్ గ్రంథంలోని ఒక హదీసు జ్ఞాపకం చేస్తాను. అన్సారీ ఒకాయన మహాప్రవక్త (స) దగ్గరికి యాచనకు వచ్చారు. ప్రవక్తగారు (స) ఇంట్లో ఏమున్నదని అడిగారు. సగం పరుచుకుని సగం కప్పుకునే ఒక గుడ్డ, నీళ్లు తాగే ఒక గిన్నె ఉన్నాయి. వాటిని తెప్పించి స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హం అంటే, అంతకన్నా ఎక్కువ ఎవరిస్తారని మళ్లీ అడిగి రెండు దిర్హములకు ఇచ్చారు. ఒక దిర్హంతో ఇంటివారికి తిండి కొనమన్నారు. రెండో దిర్హంతో గొడ్డలి కొని తెమ్మని, దానికి తమ చేతులతోనే పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజుల దాకా కనబడవద్దని పంపారు. ఆయన పది దిర్హములు సంపాదించి తిరిగివచ్చారు.

దీన్ని మనం బిచ్చమెత్తవద్దని చెప్పడానికే వాడుకుంటాము. నాకు ఇందులో పని మార్చుకునే పద్ధతి అంతా కనబడుతుంది. మొదట, లేనిది అడగలేదు, ఉన్నదేమిటని అడిగారు. తర్వాత మొదటి దిర్హం గొడ్డలికి పోలేదు, తిండికి పోయింది. మనవాళ్లు ఇక్కడే తప్పుతారు. ఏళ్లకేళ్లు జెద్దాలో ఏసీలు బాగుచేసిన ఒక సోదరుడు తిరిగివచ్చి, బంధువుల మాట మీద ఉన్నదంతా బట్టల దుకాణంలో పోశాడు. ఫ్లెక్సీలు కట్టాడు, ప్రారంభోత్సవానికి బిర్యానీ పెట్టాడు. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టలేదు. బట్ట గురించి ఆయనకు తెలిసింది తొడుక్కోవడమే. ఏడాది తిరగకముందే దుకాణం మూసి, ఇప్పుడు ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తున్నాడు, బాగానే ఉన్నాడు. ఆ పని మొదటి రోజు నుంచీ ఆయన చేతిలోనే ఉన్నది.

ఇక పదిహేను రోజుల గడువు. గడువు లేకపోతే మా అబ్బాజాన్ రెండేళ్ల లాగా అవుతుంది. పాత పనికైనా కొత్త పనికైనా ఒక తారీఖు పెట్టుకుని, ఆనాడు లెక్క చూసి నిర్ణయించాలి. మనసు బాగాలేని రోజున నిర్ణయించకూడదు. ఉస్తాదు తిట్టిన సాయంత్రం అసలే వద్దు.

పెద్దలకు ఇదంతా కొత్త కాదు. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరు చదువు, ఇంజనీరు చదువు సైతం ఉర్దూలో సాగినవి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు. జాగీరు కచేరీల గుమాస్తాలు, సిపాయిలు పని పోయి నిలబడ్డారు. ఉస్మానియాలో బోధన ఇంగ్లీషులోకి మారింది. చక్కని ఖత్‌తో రాసే చేతులు హైదరాబాదులో రిక్షా హ్యాండిలు పట్టుకున్నాయి. ఆ గాయం గురించి ఇంకా మాట్లాడవచ్చు, ఇది ఆ సభ కాదు. కాని సేత్వార్లు, పాత పహాణీలు ఉర్దూలో ఉన్నాయి. భూమి తగాదా వస్తే అవి చదివేవాడు కావాలి. అర్జీలు రాస్తూ, తర్జుమాలు చేస్తూ, తమ పిల్లల వాచకాల్లోనే తెలుగు అక్షరాలు దిద్దుకుని నిలబడినవారున్నారు. 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. అయినా పాత సేత్వార్ నకలు పట్టుకుని "సార్, ఇండ్ల మా తాత పేరు ఉన్నదా చూడుండ్రి" అని మా బడికి వచ్చే రైతులు ఇంకా ఉన్నారు.

ఉర్దూ మీడియంలో చదివిన యువకులకు అందుకే చెబుతున్నాను. 2016లో మైనారిటీ గురుకులాలు 71 మొదలైనప్పుడు అవి ఇంగ్లీషు మీడియంలో మొదలైనవి. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేశారు. రెండూ నిజమే. ఒకదాన్ని చూసి భయపడి, రెండోదాన్ని చూసి నిద్రపోకండి. తెలుగు ధారాళంగా రాయడం నేర్చుకోండి. ఉర్దూ, తెలుగు రెండూ తప్పు లేకుండా రాసేవాడి కోసం నేనే వెతుక్కుంటూ ఉంటాను.

ఇస్తిఖారా మాట కూడా చెప్పాలి. రెండు రకాతులు నఫిల్ చదివి, కలలో పచ్చరంగు కనబడుతుందని ఎదురుచూసేవారిని చూశాను. కల రాలేదని నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నారు. అది మేలు కోరే దుఆ. దుఆ చేసి, తెలిసినవారితో మష్వరా చేసి, అడుగు వేయాలి. మష్వరా అంటే ఆ పని చేసి తిన్నవారితో చేసేది. దావత్‌లో పక్కన కూర్చున్నవారితో కాదు.

మనోధైర్యం ఎట్లా నిలుస్తుందని కార్యదర్శిగారు ప్రత్యేకంగా అడిగారు. అబ్బాజాన్ ధైర్యవంతులేమీ కాదు. ఆయన చేసింది రెండు పనులు. రోజూ ఒకే వేళకు ఇల్లు విడిచేవారు. రాత్రి నా పాత నోటు పుస్తకంలో ఆనాటి కూలి వేయించేవారు. చదువు రాదు గనుక నేనే వేసేవాణ్ణి. మొదటి నెల అంకెలు చూస్తే ఏడుపొస్తుంది. ఆరో నెలకు ఆయనే పుస్తకం అడిగి తిరగేసేవారు. కళాయి కూడా పూర్తిగా వదలలేదు. దావత్‌లకు అద్దెకిచ్చే రాగి దేగులకు కళాయి కావాలి గనుక, రంజానుకు ముందు పది రోజులు ఆ పనీ చేసేవారు.

తర్వాత అల్యూమినియం రేడియేటర్లు, ప్లాస్టిక్ ట్యాంకులతో వచ్చాయి. వాటికి తగరం అతకదు. అప్పటికి షాపు మా తమ్ముడి చేతిలో ఉన్నది. వాడికి అబ్బాజాన్ రెండేళ్లు ఇవ్వలేదు. రంజాను దాకా గడువు పెట్టారు. ఇప్పుడు వాడు ఇంజను కూలింగ్ పని, ఏసీ పని చేస్తున్నాడు.

సంఘం పెద్దలకు ఒక మనవి. జకాత్ సొమ్ము ఇచ్చేటప్పుడు పని మారేవాడికి రెండు భాగాలుగా ఇవ్వండి, ఒకటి తిండికి, ఒకటి పనిముట్టుకు. గడువు తీరినాక పిలిపించి కూర్చోబెట్టి లెక్క అడగండి. పిడి బిగించి ఇచ్చే మనిషి ఒకరు కమిటీలో ఉండాలి.

నా వంతుగా, ఆదివారం జొహర్ నమాజు తర్వాత మా బడి వరండాలో కూర్చుంటాను. పని మార్చుకోవాలనుకునేవారు ఎవరైనా రావచ్చు. పేరు బయటికి రాదు. ఇంటి ఖర్చుల చిట్టా, ఒక ఖాళీ నోటు పుస్తకం తెచ్చుకోండి. వీలైతే ఇంటావిడను కూడా తీసుకురండి, అసలు లెక్క ఆమెకే తెలిసి ఉంటుంది.

ఖుదా హాఫిజ్.