గుర్తింపు లేని చోట రాయబారం

ఒక రాజ్యం మరొక రాజ్యాన్ని గుర్తించడం, ఆ రెండూ దౌత్య సంబంధాలు నెలకొల్పుకోవడం సాధారణంగా వెంటవెంటనే జరుగుతాయి గనుక రెండూ ఒకటేనన్న భావన స్థిరపడింది గాని, అంతర్జాతీయ న్యాయం వాటిని వేరువేరుగానే చూస్తుంది. గుర్తింపు అంటే ఎదుటి ప్రభుత్వం ఫలానా భూభాగం మీద సార్వభౌమాధికారం గలదని ఒప్పుకోవడం. దౌత్య సంబంధాలంటే ఆ ఒప్పుకోలును ఆధారం చేసుకొని రాయబారులను పంపుకోవడం, వారికి రక్షణలు కల్పించడం, వారి ద్వారా నిత్యవ్యవహారం నడుపుకోవడం. భారతదేశం ఇజ్రాయెల్‌ను 1950 సెప్టెంబరు 17న గుర్తించినా పూర్తిస్థాయి దౌత్య సంబంధాలకు 1992 జనవరి 29 దాకా ఒప్పుకోలేదు. ఆ నలభై ఒక్క ఏళ్ళలో ఇజ్రాయెల్‌కు ఈ దేశంలో ఉన్నది బొంబాయిలోని కాన్సులేటు మాత్రమే. 1982లో అక్కడి కాన్సుల్ ఒక పత్రికా ఇంటర్వ్యూలో భారత విదేశాంగ విధానాన్ని విమర్శించినందుకు దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. గుర్తింపు ఉండి సంబంధాలు లేని స్థితి ఎంత ఇరుకైనదో చెప్పడానికి ఆ ఒక్క ఉదంతం చాలు. ఈ ఉపన్యాసానికి విషయం అంతకంటె ఇరుకైనది: గుర్తింపు కూడా లేని ప్రభుత్వాలు ఒకదానితో ఒకటి వ్యవహరించడానికి ఏర్పరచుకొన్న కార్యాలయాలు, వాటి చట్టబద్ధత, వాటి మీద ఆధారపడిన సామాన్యుల రక్షణ.

తెలుగువారికి రాయబారం అనగానే తిరుపతి వేంకట కవుల నాటకాలలోని శ్రీకృష్ణుడు మనసులో మెదలుతాడు. యుద్ధం తప్పదని ఇరుపక్షాలకూ తెలిసిన తరుణంలో కూడా ఆయన కౌరవసభలో అడుగుపెట్టగలిగాడు. దుర్యోధనుడు ఆయనను బంధించజూచినప్పుడు అది రాజధర్మానికి విరుద్ధమని సభలోని పెద్దలే అడ్డుపడ్డారు. దూత అవధ్యుడన్న ఆ ప్రాచీన నియమమే 1961 నాటి వియన్నా దౌత్య ఒప్పందంలో లిఖితరూపం పొందింది. అయితే ఆ నియమం వర్తించాలంటే దూతను పంపిన పక్షం ఉన్నదని ముందు ఒప్పుకోవాలి. ఆ మొదటి మెట్టే లేనప్పుడు, వచ్చినవాడిని ఏ పేరుతో పిలవాలి, ఏ చట్టం కింద కాపాడాలి, అతడు చేసిన సంతకానికి ఏమి విలువ కట్టాలి అన్న ప్రశ్నలు తలెత్తుతాయి.

సంబంధాలు తెగిపోయిన రాజ్యాల విషయంలో వియన్నా ఒప్పందం 45, 46వ అధికరణాలలో ఒక మార్గం చూపింది. మూడవ దేశమొకటి తెగిపోయిన పక్షం ప్రయోజనాలను చూసిపెట్టవచ్చు. 1961 జనవరిలో అమెరికా క్యూబాతో తెగతెంపులు చేసుకొన్నప్పుడు ఆ బాధ్యతను స్విట్జర్లాండ్ తీసుకొన్నది. 1977 సెప్టెంబరు నుంచి 2015 జులై దాకా హవానాలో అమెరికా అధికారులే తమ పాత భవనంలో కూర్చొని, కాగితాల మీద మాత్రం స్విస్ రాయబార కార్యాలయంలోని ఒక విభాగంగా పనిచేశారు. రెండు జర్మనీలది మరొక రకం. 1974 మేలో తెరిచిన తమ కార్యాలయాలను అవి రాయబార కార్యాలయాలు అనలేదు, శాశ్వత ప్రాతినిధ్యాలు అన్నాయి. బాన్‌లోని తూర్పు జర్మనీ ప్రతినిధి విదేశాంగ శాఖతో కాక ఛాన్సలర్ కార్యాలయంతో వ్యవహరించవలసి వచ్చేది, ఎందుకంటే తూర్పు జర్మనీని విదేశంగా చూడటానికి పశ్చిమ జర్మనీ ఒప్పుకోలేదు. ఈ రెండు సందర్భాలలోనూ ప్రభుత్వాలు తమ పేరుతోనే ఒప్పందాలు చేసుకోగలిగాయి. తైవాన్ విషయంలో ఆ వెసులుబాటు లేదు.

చైనా అంతర్యుద్ధంలో ఓడిన జాతీయవాద ప్రభుత్వం 1949 డిసెంబరులో తైపీకి తరలిపోయింది. ఆ తరువాత బీజింగ్, తైపీ రెండూ యావత్ చైనాకూ తామే ప్రభుత్వమని వాదించడంతో, ఒకదానిని గుర్తించిన దేశం రెండవదానిని వదులుకోవలసి వచ్చింది. భారతదేశం 1949 డిసెంబరు 30నే బీజింగ్‌ను గుర్తించింది. 1971 అక్టోబరు 25న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 2758వ తీర్మానంతో చైనా స్థానాన్ని బీజింగ్‌కు ఇచ్చిన తరువాత తైపీని విడిచిపెట్టే దేశాల వరుస పెరిగింది; 2024 జనవరిలో నౌరూ కూడా విడిపోయాక తైపీతో పూర్తి దౌత్య సంబంధాలు గలవి పన్నెండే మిగిలాయి. రాయబార కార్యాలయాలు మూతపడినంత మాత్రాన ఓడలు ఆగవు, చదువులు ఆగవు, పెళ్ళిళ్ళు ఆగవు. వాటికి కావలసిన వీసాలు, ధ్రువపత్రాలు, ఒప్పందాలు ఎవరో ఒకరు ఇవ్వవలసిందే.

ఈ చిక్కును ముందుగా ఎదుర్కొన్నవాటిలో జపాన్ ఒకటి, అదీ రెండువైపుల నుంచి. తైపీని గుర్తిస్తున్న కాలంలోనే బీజింగ్‌తో వర్తకం అవసరమై, 1962 నవంబరులో లియావో చెంగ్‌జీ, తకసాకి తత్సునొసుకె అనే ఇద్దరి సంతకాలతో ఒక వాణిజ్య ఒడంబడిక కుదిరింది. లియావో చైనా కమ్యూనిస్టు పార్టీ నాయకుడు. 1908లో టోక్యోలో పుట్టి జపనీస్‌ను మాతృభాషలా మాట్లాడేవాడు. తకసాకి జపాన్ పాలకపక్షానికి చెందిన మాజీ మంత్రి. ప్రభుత్వాలు చేయలేని సంతకం ఇద్దరు వ్యక్తులు చేసినట్లు చూపి, 1964లో రెండు రాజధానులలోనూ వారి పేర్ల మీదనే కార్యాలయాలు తెరిచారు. 1972 సెప్టెంబరు 29న జపాన్ బీజింగ్‌ను గుర్తించగానే అదే అనుభవం తిరగేసి పనికివచ్చింది. ఆ డిసెంబరులో జపాన్ ఒక సంఘాన్ని, తైవాన్ మరొక సంఘాన్ని నెలకొల్పాయి. వాటి పేర్లలో ఎక్కడా ప్రభుత్వమన్న మాట లేదు; వాటిలో పనిచేసినవారు మాత్రం అనుభవజ్ఞులైన దౌత్యాధికారులే. తరువాత సంబంధాలు మార్చుకొన్న దేశాలు అనేకం దీనిని జపాన్ పద్ధతిగా చెప్పుకొని అనుసరించాయి.

అమెరికా ఈ పద్ధతికి జపాన్ ఇవ్వని ఒక బలాన్ని ఇచ్చింది. అధ్యక్షుడు కార్టర్ 1978 డిసెంబరు 15న చేసిన ప్రకటనతో 1979 జనవరి 1 నుంచి అమెరికా గుర్తింపు బీజింగ్‌కు మారింది. మధ్యలో తైపీకి వెళ్ళిన ఉపవిదేశాంగ మంత్రి వారెన్ క్రిస్టఫర్ కారు మీద కోపోద్రిక్తులైన జనం దాడిచేశారు. అధ్యక్షుడు చియాంగ్ చింగ్‌కువో ప్రభుత్వానికీ ప్రభుత్వానికీ మధ్య సంబంధమే కావాలని పట్టుబట్టాడు. ఆ కోరిక నెరవేరలేదు గాని, అమెరికా కాంగ్రెసు అనధికార సంబంధాల కోసం కార్టర్ చేసిన ప్రతిపాదనకు మరింత బలం చేర్చి తైవాన్ సంబంధాల చట్టాన్ని ఆమోదించింది. అది ఏప్రిల్ 10న సంతకం పొంది, జనవరి 1 నుంచే వర్తించింది. జనవరి 16న లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థగా నమోదైన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఇన్ తైవాన్‌కు ఈ చట్టమే ఆధారం.

ఆ చట్టంలోని రెండు ఏర్పాట్లను దగ్గరగా చూడాలి. మొదటిది, అమెరికా చట్టాలలో విదేశాలు, రాజ్యాలు, ప్రభుత్వాలు అన్న మాటలు ఎక్కడ వచ్చినా అవి తైవాన్‌కు కూడా వర్తిస్తాయన్న నిబంధన. ఈ నిబంధనతో, దాని తోడి నిబంధనలతో గుర్తింపు ఇవ్వకుండానే తైవాన్ అమెరికా కోర్టులలో దావా వేయగల, వేయించుకోగల స్థితిలో నిలిచింది. అంతకుముందు కుదిరిన ఒప్పందాలు రద్దు చేసేదాకా చెల్లుబాటయ్యాయి. రెండవది సిబ్బందికి సంబంధించినది. సంస్థ ప్రైవేటుది గనుక విదేశాంగ శాఖ అధికారి అందులో చేరాలంటే మొదట్లో ప్రభుత్వ సర్వీసు నుంచి కొంతకాలం విడిపోవలసి వచ్చేది. తిరిగి వచ్చేటప్పుడు అతని పదవి, సీనియారిటీ, పింఛను హక్కులు చెక్కుచెదరకుండా ఉండేవి. మన ప్రభుత్వోద్యోగులు లియన్ మీద మరొక సంస్థకు వెళ్ళిరావడం లాంటిదే ఇది. తైవాన్ వైపు సంస్థకు ఉత్తర అమెరికా వ్యవహారాల సమన్వయ మండలి అన్న పేరు పెట్టారు. ఆ బోర్డు చదివిన బాటసారికి అది ఎవరిదో తెలిసే వీలు లేదు. 1994లో మాత్రమే దాని వాషింగ్టన్ కార్యాలయం పేరులోకి తైపీ వచ్చింది.

ఈ రెండు సంస్థల మధ్య 1980లో కుదిరిన ఒప్పందం సిబ్బందికి విధినిర్వహణలో చేసిన పనుల మేరకే రక్షణ ఇచ్చింది. ఆ పరిమితి అర్థమేమిటో 2011 నవంబరులో తెలిసింది. కాన్సాస్ సిటీలోని తైవాన్ కార్యాలయ అధిపతి ఇంటిపనికి తెచ్చుకొన్న ఫిలిప్పీన్స్ మహిళలకు ఒప్పుకొన్న దానికంటె చాలా తక్కువ జీతమిచ్చినందుకు అరెస్టయి, నేరం ఒప్పుకొని, దేశం నుంచి పంపివేయబడ్డారు. సంపూర్ణ దౌత్యరక్షణ ఉన్న రాయబారి విషయంలో ఆ పనివారికి న్యాయం అంత తేలికగా అందేది కాదు. అనధికార హోదాను లోటుగా మాత్రమే లెక్కించే పుస్తకాలు ఈ రెండవ పార్శ్వాన్ని విడిచిపెట్టడం సరికాదు.

లోటు మాత్రం నిజమైనదే. అది 2013 మే 9న ప్రాణనష్టంతో బయటపడింది. తైవాన్, ఫిలిప్పీన్స్ రెండూ తమవనుకొనే జలాలలో ఫిలిప్పీన్స్ తీరరక్షక నౌక ఒక తైవాన్ చేపల పడవ మీద కాల్పులు జరిపింది. అరవై అయిదేళ్ళ మత్స్యకారుడొకడు చనిపోయాడు. తైవాన్ క్షమాపణ కోరింది. 1975 నుంచి బీజింగ్‌నే గుర్తిస్తున్న ఫిలిప్పీన్స్ ప్రభుత్వం తైపీ ప్రభుత్వానికి క్షమాపణ చెబితే దానిని గుర్తించినట్లవుతుంది. చెప్పకపోతే తప్పును కప్పిపుచ్చుకొన్నట్లవుతుంది. తైవాన్‌తో వ్యవహారానికి ఫిలిప్పీన్స్ పెట్టుకొన్న మనీలా ఆర్థిక సాంస్కృతిక కార్యాలయం అధ్యక్షుడు తమ దేశాధ్యక్షుని వ్యక్తిగత ప్రతినిధిగా తైపీకి వచ్చి విచారం తెలిపినప్పుడు, ఆ మాట ఎవరి తరఫున చెబుతున్నారన్న ప్రశ్న దగ్గరే అది తిరస్కృతమైంది. తైవాన్ ఫిలిప్పీన్స్ కార్మికుల కొత్త నియామకాలను నిలిపివేసింది. అప్పటికే అక్కడ 80 వేలకు పైగా ఫిలిప్పీన్స్ కార్మికులున్నారు. వారిని పంపే కుటుంబాలకూ, వెళ్ళడానికి అప్పులు చేసినవారికీ ఆ నిలిపివేత సాగిన మూడు నెలలు ఎలా గడిచి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. ఆగస్టు 8న అదే ప్రతినిధి మృతుని ద్వీపానికి వెళ్ళి, కుటుంబసభ్యుల ముందు నిలిచి, తమ అధ్యక్షుని, ప్రజల తరఫున క్షమాపణ చెప్పిన తరువాతనే ఆంక్షలు తొలగాయి. 2015లో రెండు కార్యాలయాల మధ్య చేపలవేట నిఘాపై ఒప్పందం కుదిరింది. 2019లో మనీలా కోర్టు ఎనిమిదిమంది తీరరక్షక సిబ్బందిని దోషులుగా తేల్చింది. చివరకు వ్యవస్థ పనిచేసింది, నిజమే. కాని రెండు ప్రభుత్వాల మధ్య మాట ఎవరిదో తేలేదాకా భారం మోసినది ఆ కాల్పులతో ఏ సంబంధమూ లేని కూలీలు.

భారతదేశం ఈ మార్గంలోకి ఆలస్యంగా వచ్చింది. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న కాలంలోనే ఇజ్రాయెల్‌తో సంబంధాలు, 1993 సెప్టెంబరులో చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం, 1995లో తైపీలో భారత్ వైపు ఇండియా–తైపీ అసోసియేషన్, ఢిల్లీలో తైవాన్ వైపు తైపీ ఆర్థిక సాంస్కృతిక కేంద్రం వరుసగా వచ్చాయి. బీజింగ్‌తో సరిహద్దును శాంతపరచిన ప్రభుత్వమే తైపీలో తలుపు తెరవడాన్ని కొందరు పరస్పర విరుద్ధంగా భావించారు గాని, మొదటిది చేసి ఉండటం వల్లనే రెండవది గొడవ లేకుండా సాగిందనుకోవడం సమంజసం. ఢిల్లీలోని తైపీ కేంద్రానికి 2012లో చెన్నైలోనూ 2024లో ముంబయిలోనూ శాఖలు వచ్చాయి. తైవాన్‌కు చెందిన ఫాక్స్‌కాన్ శ్రీసిటీలో ఫోన్ల తయారీ చేపట్టడం, రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో కర్మాగారం నెలకొల్పడం వంటి పరిణామాల వల్ల ఈ కార్యాలయాల పని తెలుగునేలను నేరుగా తాకుతున్నది.

ఈ సంబంధానికి భారతీయ చట్టంలో ఉన్న ఒక ఆధారం అంతగా ఎవరి దృష్టికీ రాలేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానికి 2006లో 90ఎ సెక్షన్ చేరింది. ప్రభుత్వాలు కాకుండా, కేంద్రం పేర్కొన్న సంఘాలు రెండు ఒకే ఆదాయం మీద రెండుచోట్ల పన్ను పడకుండా ఒప్పందం చేసుకొంటే, దానిని కేంద్రం నోటిఫికేషన్ ద్వారా స్వీకరించి చట్టబలం ఇవ్వవచ్చునని ఆ సెక్షన్ సారాంశం. ఇండియా–తైపీ అసోసియేషన్‌కూ తైపీ కేంద్రానికీ మధ్య 2011లో కుదిరిన పన్ను ఒప్పందం ఆ దారిలోనే అమలులోకి వచ్చింది. గుర్తింపు అన్న చిక్కుముడిని ముట్టుకోకుండా, సంఘం చేసిన సంతకాన్ని దేశచట్టంలో భాగం చేసిన తీరు మెచ్చదగినది.

2024 ఫిబ్రవరి 16న అవే రెండు సంస్థలు భారతీయ కార్మికులను తైవాన్‌కు పంపడానికి అవగాహన పత్రం మీద సంతకాలు చేశాయి. ఆ పత్రానికి 90ఎ వంటి చట్టబలం లేదు. విదేశంలో నిర్బంధితుడైన వ్యక్తి గురించి అతని దేశపు కాన్సులేటుకు తెలియజేయాలన్న నిబంధన 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందంలో ఉన్నది గాని, గుర్తింపు లేని చోట దాని మీద హక్కుగా ఆధారపడటం సాధ్యం కాదు. తైపీలోని భారతీయ అధికారి ఎంత సమర్థుడైనా, ఎంత దయగలవాడైనా, జైలు తలుపు దగ్గర అతని మాట మర్యాదపూర్వకమైన విన్నపంగానే ఉంటుంది. పన్ను కట్టే కంపెనీకి దొరికిన చట్టరక్షణ, ఏజెంటుకు అప్పుచేసి డబ్బు కట్టి విమానమెక్కే కూలీకి దొరకకపోవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

దీనికి కొత్త సిద్ధాంతమేదీ అక్కరలేదు. 1983 నాటి వలసల చట్టంలోగాని, దాని స్థానంలో వచ్చే చట్టంలోగాని 90ఎ నమూనాలోనే ఒక సెక్షన్ చేర్చి, పేర్కొన్న సంఘాల మధ్య కుదిరిన కార్మిక ఒప్పందాలను కేంద్రం నోటిఫై చేయవచ్చు. జీతం బకాయి, పాస్‌పోర్టు లాక్కోవడం, ఏజెంటు అధిక వసూళ్ళు వంటి విషయాలలో వలస కార్మికుడు స్వదేశంలోని కోర్టులో కూడా ఆ ఒప్పందాన్ని చూపి దావా వేసే హక్కును అదే సెక్షన్ కల్పించవచ్చు. నిర్బంధం, మరణం, ప్రమాదం జరిగినప్పుడు ఎన్ని గంటలలో ఎవరు ఎవరికి తెలపాలన్నది రెండు సంఘాల మధ్య లిఖితపూర్వకంగా నిర్ణయమై, కార్మికుడు వెళ్ళేముందే అతని భాషలో, తెలుగువాడైతే తెలుగులో, అతని చేతికి అందాలి.